చూసి పోండి

నాకు అనుమానం ఎక్కువని మా బిల్డింగులో అందరూ చెప్పుకుంటారు. నా ఎదురుగా చెప్పుకోరు, మెట్ల మీద చెప్పుకుంటారు. నా చెవులు బాగానే పనిచేస్తాయి కాబట్టి అదీ వినబడుతుంది. కూరగాయలు తూచేవాడి వేలు తక్కెడ మీద ఆనిందేమో అని చూస్తాను, నిజమే. బట్టల కొట్లో మీటరు కర్ర కొస అరిగిందేమో అని చూస్తాను, అదీ నిజమే. ఏం, తప్పా? పెళ్ళయిన కొత్తలో మొగుణ్ణి అనుమానిస్తే ఇంటిల్లిపాదీ కలిసి నన్నే తిట్టారు. ఆఖరికి ఆ మహానుభావుడు నా అనుమానమంతా అక్షరాలా నిజం చేసి, పెట్టే బేడా సర్దుకుని మరీ వెళ్ళిపోయాడు. అప్పట్నుంచి నా అనుమానం మీద నాకు మహా గురి.

నేను కర్టెన్లు కుడతాను. అందుకే అందరూ నన్ను కర్టెన్లమ్మ అంటారు. మూడో అంతస్తులో ముందుగదే నా కొట్టు, వెనకగదే నా ఇల్లు. పొద్దున్న లేచింది మొదలు నోట్లో గుండుసూదులతోనే ఉంటాను. కర్టెన్ మడత పట్టుకుంటే రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా, సూదులు మరెక్కడ పెట్టుకోను? పళ్ళ మధ్య వరసగా బిగించుకుని, ఒక్కోటీ తీసి గుచ్చుకుంటూ పోతాను. ఫోన్లో మాట్లాడినా, బేరమాడినా, ఆఖరికి ఎవరితోనైనా పోట్లాడినా సూదులు నోట్లోనే. అలవాటైపోయింది.

ఈ భూమ్మీద నేను అనుమానించని మనిషి ఒక్కరే, మా బావగారు. మా అక్క మొగుడు. రెండో అంతస్తులో, సరిగ్గా నా కిందింట్లో ఉంటారు. డ్రైవింగ్ స్కూల్లో మాస్టారుగా చేసి మానేశారు. పక్కన నేర్చుకునేవాళ్ళు లేకపోయినా కుర్చీలో కూర్చుంటే కుడికాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఎడమ అంటే ఎడమే, ఆగు అంటే ఆగడమే. అక్క పోయాక నాకు ఆయన, ఆయనకి నేను. రోజూ పొద్దున్నే మెట్లెక్కి పైకొచ్చి, నా కత్తిరింపుల బల్ల పక్కన కూర్చుని టీ తాగి వెళ్ళేవారు. మాట్లాడుకునేది పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఆయన బ్రేకు తొక్కుతూ ఉండేవారు, నేను మిషను తొక్కుతూ ఉండేదాన్ని.

“మీరొక్కరే బావగారూ,” అనేదాన్ని అప్పుడప్పుడు, “కళ్ళు మూసుకుని నమ్మేది.”

“కళ్ళు మూసుకోకమ్మా, యాక్సిడెంటవుతుంది,” అనేవారాయన.

ఇక మా యుక్కా మొక్క సంగతి. అక్క వాళ్ళ ఆఫీసు వేరే చోటికి మారుతున్నప్పుడు, లిఫ్టు పక్కన చెత్తలో పారేసిన ఓ కర్రముక్కని తెచ్చి నాకిచ్చింది. చేతికర్రలో సగమంత ఉంది, ఆకు లేదు, అలం లేదు. “పెట్టి చూడవే, దీనికి రోషం ఎక్కువ, నీలాగే,” అంది. పెట్టాను. ఆ రోషం నిజమే. కత్తుల్లాంటి ఆకులు చుట్టూ విచ్చుకుని, నా భుజం దాటి ఎదిగింది. బరువంతా నెత్తిన ఉంటుంది కాబట్టి తేలిక కుండీలో పెడితే గాలికి దొర్లుతుంది. అందుకని సిమెంటు కుండీ తెప్పించి, అడుగున చిల్లు పెద్దది చేయించి, మట్టిలో సగానికి సగం ఇసకా, చిన్న గులకరాళ్ళూ కలిపాను. నీళ్ళంటే దానికి పడదు. పొడుగాటి అల్లిక సూది మట్టిలోకి అడుగుదాకా దించి, పైకి లాగితే పొడిగా, మట్టి అంటకుండా రావాలి. అప్పుడు మాత్రమే నీళ్ళు. లేకపోతే దాని జోలికి పోకూడదు. ఆకుల కొసలు ఎండి గోధుమరంగు తిరిగితే జిగ్‌జాగ్ కత్తెరతో కత్తిరించేదాన్ని. బట్ట అంచు పోగులు లేవకుండా పళ్ళుపళ్ళుగా కత్తిరిస్తామే, ఆ కత్తెర. చేతికి దొరికేది అదే మరి. దాంతో మా యుక్కా ఆకులన్నిటికీ కొసన చిన్నచిన్న పళ్ళుండేవి. ఇంకెవరి మొక్కకీ అలా ఉండదు. ఆ మొక్కని నా గుమ్మం బయట, మెట్ల మలుపులో, కిటికీ దగ్గర పెట్టుకున్నాను. అక్క కూడా అక్కడే నించున్నట్టు ఉండేది నాకు.

దాని మీద కన్నేసింది మొదట పళ్ళ డాక్టరు. గ్రౌండ్ ఫ్లోర్లో కొత్తగా క్లినిక్ పెట్టాడు. చిన్నవాడే, నవ్వితే తన పళ్ళన్నీ బోర్డు మీద బొమ్మలా కనిపిస్తాయి. కర్టెన్ల కొలతలు తీసుకోమని పిలవడానికి పైకొచ్చి, మొక్క ముందు ఆగిపోయాడు.

“భలే ఉందండీ యుక్కా. ఇలాంటిది మా వెయిటింగ్ రూంలో ఉంటేనా!” అన్నాడు.

“ఉండదు,” అన్నాను.

మళ్ళీ కర్టెన్లు తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడూ అదే పాట. ఈసారి ఆకుని పట్టుకుని కూడా చూశాడు. నేను లోపలికొచ్చాక కూడా తలుపు కంతలోంచి చూస్తూనే ఉన్నాను. వెళ్ళేటప్పుడు ఓసారి వెనక్కి తిరిగాడు. వెనక్కి తిరిగి చూశాడంటే మనసులో ఏదో ఉన్నట్టే కదా.

అలా ఉండగా ఊరవతల కొత్తగా కట్టిన హోటల్‌కి కర్టెన్లు కుట్టే పని వచ్చింది. గదులన్నిటికీ అక్కడే ఉండి కుట్టి, తగిలించి రావాలి. నెల దాటుతుంది. మొక్కని ఎవరికప్పగిస్తాను? బావగారికే. బయల్దేరే హడావిడిలో సరిగ్గా చెప్పడం కుదర్లేదు. హోటల్ హాల్లో మొదటి కర్టెన్ మడతలు పెడుతూ గుర్తొచ్చి, ఫోన్ బల్ల మీద పెట్టుకుని ఆయనకో వాయిస్ మెసేజి పంపాను. ఆయన “సరేనమ్మా, చెప్పినట్టే చేస్తా,” అని జవాబు పంపారు. నా గుండె మీంచి బరువు దిగింది. అక్కడ నేల మీద కూర్చుని పని చేసీ చేసీ నడుం పడిపోయింది గానీ, యుక్కా గురించి మాత్రం నిశ్చింతగా ఉన్నాను.

సగం గదులు అయ్యాయో లేదో బావగారి ఫోను. గొంతు పీలగా ఉంది.

“అమ్మాయ్, యుక్కా పోయిందమ్మా.”

“పోయిందా! ఎప్పుడు?”

“నిన్న బాగానే ఉన్నట్టుంది. ఇవాళ పొద్దున నేను చూసేసరికే అయిపోయింది.”

“కుండీ?”

“కుండీ ఉంది. మొక్కే పోయింది.”

“ఎవర్నీ అడగలేదా?”

“కింద పళ్ళ డాక్టర్ని పిలిచి అడిగాను. ఆయనకి మొక్కల గురించి తెలుసట. చూసి పెదవి విరిచాడు.”

పెదవి విరవడా మరి! నా వేలు అక్కడికక్కడే డాక్టరు వైపు తిరిగింది. “బావగారూ, ఇంకెవరితోనూ ఏమీ అనకండి. నేనొచ్చి చూసుకుంటాను,” అన్నాను. ఆయన ఏదో చెప్పబోయి ఆగిపోయారు. పాపం, నా ముందు మొహం చెల్లక అలా నీళ్ళు నములుతున్నారు, కాపలా ఉండి కూడా పోగొట్టానని బాధపడుతున్నారు అనుకున్నాను. నేనే ఆయన్ని ఓదార్చాను కూడా. “మీరేం చేస్తారు బావగారూ, పొద్దస్తమానం మెట్ల మీద కూర్చుంటారా?” అన్నాను.

హోటల్ పని ముగించి వచ్చేసరికి మెట్ల మలుపు బోసిపోయి ఉంది. నేల మీద కుండీ ఉన్నంత మేర గుండ్రటి మచ్చ. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడేదేముంది, ఏడ్చాను. తర్వాత కళ్ళు తుడుచుకుని సోదా మొదలుపెట్టాను. సిమెంటు కుండీ మెట్ల కింద బోర్లించి ఉంది, శుభ్రంగా కడిగి మరీ. దొంగ మొక్కని పెరుక్కెళ్ళి, కుండీ కడిగి పెట్టాడా? ఇంత తీరిగ్గా దొంగతనం చేసేవాడు ఎవడు? చేతులు మాటిమాటికీ కడుక్కునే అలవాటున్నవాడే కదా. గ్లవ్స్ వేసుకుని పని చేసేవాడే కదా. నా లెక్క పక్కాగా కుదిరింది.

బావగారు టీకి వచ్చినప్పుడు అంతా విడమరిచి చెప్పాను. కప్పు కింద పెట్టారు. కుడికాలు బ్రేకు మీద బిగుసుకుంది.

“దొంగా?” అన్నారు.

“దొంగ కాక? కాళ్ళొచ్చి నడిచి వెళ్ళిందా?”

“వదిలెయ్యమ్మా. మొక్కే కదా.”

“అక్క ఇచ్చింది బావగారూ!”

ఆ మాటకి ఆయన మొహం అదోలా అయిపోయింది. టీ సగం వదిలేసి కిందికి వెళ్ళిపోయారు.

మర్నాడు నేను బుగ్గ పట్టుకుని క్లినిక్‌లోకి దిగాను. పుచ్చూ లేదు, నొప్పీ లేదు. లోపలికి వెళ్ళడానికి ఓ సాకు కావాలి కదా. వెయిటింగ్ రూంలో నేను కుట్టిన కర్టెన్లే వేలాడుతున్నాయి. మూలన కిటికీ దగ్గర, తెల్లటి చిన్న కుండీలో ఓ యుక్కా! మాది భుజం దాటి ఉండేది, ఇది మోకాలెత్తు కూడా లేదు. ముందు ఉసూరుమన్నాను. కానీ అనుమానం ఊరుకుంటుందా, పొమ్మంటే పోయేది కాదది. చెప్పు సర్దుకుంటున్నట్టు వంగి చూశాను. ఆకుల కొసలు పళ్ళుపళ్ళుగా ఉన్నాయి. జిగ్‌జాగ్.

నా కత్తెర పడిన ఆకులవి, నా మొక్క తల అది. కిందిది పాతిపెట్టాడా ఏమిటి, పెద్దదిగా ఉంటే గుర్తుపడతానని కోసి చిన్నది చేశాడన్నమాట. ఎంత గుండెలు తీసిన బంటు!

అంతలో నర్సు నన్ను లోపలికి పిలిచింది. కుర్చీలో వెనక్కి వాలక తప్పలేదు. డాక్టరు లైటు నా మొహమ్మీదికి దించి, నోట్లో అద్దం తిప్పాడు.

“నొప్పి ఎక్కడండీ?”

“అన్ని చోట్లా,” అన్నాను.

“పన్ను పాడవలేదు. కానీ ముందు పళ్ళకి ఇక్కడ గాట్లు పడ్డాయి చూశారా? దారం పళ్ళతో తెంపుతారా? సూదులు కూడా నోట్లో పెట్టుకుంటారా?”

“పెట్టుకుంటే?”

“పెట్టుకోకూడదండీ. పళ్ళు అరుగుతాయి, మాట కూడా తేడాగా వస్తుంది.”

చూశారా వీడి తెలివి, నా మొక్క ఎత్తుకెళ్ళి నా పళ్ళకి వంకలు పెడుతున్నాడు అనుకున్నాను. “బయట ఆ మొక్క ఎక్కడిది డాక్టరు గారూ?” అన్నాను, ఊరికే అడిగినట్టు. అద్దం పట్టుకున్న చెయ్యి ఆగింది. “తెలిసినవాళ్ళు ఇచ్చారండీ,” అన్నాడు. కళ్ళు కలపలేదు. దొరికిపోయాడు!

పరుగున పైకొచ్చి బావగారి తలుపు బాదాను. “దొరికాడు! సాక్ష్యంతో సహా దొరికాడు. రండి, మీరు పక్కనుండాలి.”

“ఇవాళ వద్దమ్మా. కాలు లాగేస్తోంది.”

“నిన్న సాయంత్రం బజారుదాకా నడిచారుగా?”

“నిన్న వేరు.” ఆయన తలుపు పూర్తిగా తెరవలేదు. “ఇంకో పది రోజులు ఆగు. ఆ పిల్లాడు మంచివాడు.”

ఇంకో పది రోజులేమిటి? దొంగ మంచివాడవడమేమిటి? తలుపు సందులోంచి ఆయన మొహంలోకి చూశాను. ఎప్పుడూ అలా చూడలేదాయన్ని, కూరగాయలవాడి తక్కెడ వైపు చూసినట్టు. ఛీ ఛీ, ఏమిటిది, బావగారినే? నాకు మిగిలిందే ఈ ఒక్క మనిషి. ఈయన్ని కూడా అనుమానిస్తే ఇక పొద్దున్నే నా తలుపు ఎవరికోసం తియ్యాలి? ఆ భయం పోగొట్టుకోవడానికే ఆయన చెయ్యి పట్టుకుని బలవంతంగా కిందికి లాక్కెళ్ళాను. ఆయన నా పక్కన నించుని, నాతోపాటు ఆ దొంగని ఒక్క మాటంటే చాలు, నా కడుపులో పడ్డ ఈ పురుగు చచ్చిపోతుంది.

క్లినిక్ నిండా జనం. బుగ్గలు వాచినవాళ్ళు, దవడలకి గుడ్డలు కట్టుకున్నవాళ్ళు. డాక్టరు బయటికొచ్చి పేషెంటుని పిలవబోతున్నాడు. నేను గది మధ్యలో నించున్నాను.

“అందరూ వినండి! ఈ డాక్టరు నా మొక్క దొంగిలించాడు. అదిగో ఆ మూలన ఉన్నది. కావాలంటే ఆకుల కొసలు చూడండి, నా జిగ్‌జాగ్ కత్తెర పళ్ళు!”

దవడ గుడ్డల మధ్యలోంచి ఓ ముసలాయన నిజంగానే లేచివెళ్ళి చూశాడు. “ఔను, పళ్ళున్నాయి,” అన్నాడు.

డాక్టరు నా వైపు చూడలేదు. బావగారి వైపు చూశాడు. బావగారు నేల వైపు చూశారు.

“మీదేనమ్మా,” అన్నాడు డాక్టరు నెమ్మదిగా. “మీదే ఆ మొక్క.”

“విన్నారా! ఒప్పుకున్నాడు!” అంటూ ఒక్క అంగలో వెళ్ళి మొక్క మొదలు పట్టుకున్నాను.

“లాగకండి! వేళ్ళు ఇంకా పట్టలేదు!” అని అరిచాడు.

లాగేశాను. చేత్తో కొద్దిగా కదిపానో లేదో వచ్చేసింది. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు. చూస్తే అడుగున కాండం చక్కగా అడ్డంగా కోసి ఉంది. కోసిన చోట తెల్లగా, పోగుల్లా నాలుగు వేళ్ళు. రెండు తెగి ఇసకలోనే ఉండిపోయాయి. ఇసకా, గులకరాళ్ళూ నా కాళ్ళ మీద రాలాయి. కుండీలో మట్టి పొడిగా ఉంది, నేను పెట్టినట్టే పెట్టాడు. దొంగకి ఇంత శ్రద్ధ ఎందుకు?

“మిగతాది ఏది?” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినిపించింది.

“కుళ్ళిపోయిందమ్మా,” అన్నారు బావగారు వెనక నుంచి. “నేనే చంపాను.”

గదిలో బుగ్గలు వాచినవాళ్ళంతా ఆయన వైపు తిరిగారు.

“రోజూ నీళ్ళు పోశాను. మొదలు మెత్తబడి, వాసనొచ్చి, ఒరిగిపోయింది. ఈయన్ని పిలిస్తే చూసి లాభం లేదన్నాడు. పారేద్దామని పెరికి, కుండీ కడిగాక, తల మాత్రం ఇంకా గట్టిగా ఉందని ఈయనే కోసి, ఆరబెట్టి, ఇక్కడ నాటాడు. వేళ్ళు పట్టాక నీకు చూపిద్దామనుకున్నాం.”

“రోజూ నీళ్ళా! యుక్కాకి రోజూ నీళ్ళేమిటి బావగారూ! ఎవరు పొయ్యమన్నారు మిమ్మల్ని?”

“నువ్వే.”

“నేనా!”

ఆయన జేబులోంచి ఫోన్ తీసి, నా మెసేజి నొక్కారు. వెయిటింగ్ రూమంతా నా గొంతు ఖంగుమంది, నోటినిండా సూదులతో. “బావగారూ, యుక్కా జాగ్రత్త. నీళ్ళ సంగతి మర్చిపోకండి. రోజూ పొద్దున్నే ఓసారి చూసి పో…ండి.”

“చూశారా! చూసి పోండి అన్నాను. ఓసారి చూసి, వెళ్ళమని!”

“చూసి పొయ్యండి అన్నావు,” అన్నారు బావగారు. “చూశాను, పోశాను.”

“మళ్ళీ పెట్టండి,” అన్నాడు ముసలాయన. పెట్టారు. “పొయ్యండి అనే ఉంది,” అన్నాడాయన దవడ గుడ్డ సవరించుకుంటూ. “కాదు, పోండి,” అంది ఓ ఆవిడ బుగ్గలో దూది అడ్డం వస్తుంటే. కాసేపు గదంతా ఎవరి పన్నునొప్పి వాళ్ళు మర్చిపోయి, పోండి అని కొందరూ పొయ్యండి అని కొందరూ వాదులాడుకున్నారు. నర్సు కూడా తీర్పు చెప్పింది, పొయ్యండనే. మూడోసారి పెట్టినప్పుడు నేనూ చెవులు రిక్కించి విన్నాను. సూదుల మధ్యలోంచి నా మాట అటూ ఇటూ కాకుండా వస్తోంది. నాకు తెలియకపోతే నేనూ పోసేదాన్నే.

అయినా నా నోరు ఊరుకోలేదు. “సరే, పోశారు. చచ్చిపోయిందని చెప్పొచ్చుగా! దొంగ దొంగ అని నేను గోల పెడుతుంటే నా టీ తాగుతూ కూర్చున్నారే! మీరు కూడానా బావగారూ? మీరు కూడా నన్ను మోసం చేశారా?”

ఆయన తలెత్తారు.

“చెప్పానమ్మా. పోయిందని ఫోన్ చేసి మరీ చెప్పాను. మీ అక్క సంగతి చెప్పడానికి ఫోన్ చేసినప్పుడు కూడా అదే మాటన్నాను, పోయిందని. అప్పుడు ఎవరెత్తుకెళ్ళారని అడగలేదుగా నువ్వు.”

నా చేతిలో మొక్క తల పట్టుకుని అలాగే నించుండిపోయాను.

“తర్వాత నువ్వు దొంగతనం అంటున్నప్పుడు నిజం చెబుదామనే అనుకున్నాను,” అన్నారు. “కళ్ళు మూసుకుని నమ్మేది నన్నొక్కణ్ణే అంటావు. ఆ ఒక్కణ్ణీ లేకుండా చేసుకుంటావేమోనని భయపడ్డాను. ఇందాక నా తలుపు దగ్గర చూశావు చూడు, ఆ చూపుకి భయపడ్డాను.” ఇంకేమీ అనకుండా మెట్లెక్కి వెళ్ళిపోయారు. కాలు నిజంగానే ఈడుస్తున్నారు.

డాక్టరు నా చేతిలోంచి మొక్కని మెల్లగా తీసుకుని మళ్ళీ నాటాడు. ఆయన్ని క్షమించమని అడిగాను, అందరి ముందూ, సూదుల్లేని నోటితో. “పర్లేదమ్మా, రెండు వేళ్ళు మిగిలాయి, బతుకుతుంది,” అన్నాడు. అంతకన్నా నాలుగు తిట్లు తిట్టినా బావుండేది.

నిలదొక్కుకున్నాక మొక్కని పైకి తెచ్చుకున్నాను. చిన్న మొక్కకి పెద్ద కుండీ పెడితే మట్టి తొందరగా ఆరదు, మళ్ళీ కుళ్ళుతుంది. అందుకని చిన్న మట్టికుండీలో పెట్టి, దాన్ని పాత సిమెంటు కుండీలో కూర్చోబెట్టాను, పడిపోకుండా. మెట్ల మలుపులో అదే గుండ్రటి మచ్చ మీద పెట్టాను.

బావగారు మాత్రం టీకి రావడం మానేశారు. నేనూ పిలవలేదు. దానికి రోషం ఎక్కువ, నీలాగే అని అక్క ఊరికే అందా? ఆయనే రావాలని బిగుసుకు కూర్చున్నాను. రోజూ కెటిల్లో ఇద్దరికి సరిపడా నీళ్ళు పెట్టడం, ఒక కప్పు పారబోయడం. మిషను తొక్కుతుంటే పక్కన బ్రేకు చప్పుడు లేక కుట్టు వంకర పోయేది. చెప్పుకోవడానికి నామోషీగా ఉంది గానీ, ఆయన లేక నాకేమీ తోచేది కాదు.

కొన్నాళ్ళకి ఓ పొద్దున మెట్ల మీద అడుగుల చప్పుడు. ఒక కాలు ఈడుస్తూ. నా గుమ్మం దాకా వచ్చి ఆగింది. నేను మిషను ఆపి, పిల్లిలా వెళ్ళి తలుపు కంతకి కన్ను ఆనించాను. బావగారే. చేతులు వెనక్కి కట్టుకుని మొక్క ముందు నించున్నారు. వంగి ఆకుల్లోకి చూశారు. మధ్యలో కొత్త చిగురు లేస్తోంది, దాన్ని చూసి తలాడించారు. నా తలుపు వైపు ఓసారి చూశారు. తలుపు కొడతారని ఊపిరి బిగబట్టాను. కొట్టలేదు, కిందికి వెళ్ళిపోయారు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వచ్చి, చూసి, పోతున్నారు. నేను చెప్పింది చెప్పినట్టు.

ఎన్నాళ్ళని ఓర్చుకోను? ఓ పొద్దున అడుగులు ఆగగానే చేతిలో కర్టెన్ కింద పడేసి తలుపు తీశాను. ఆయన ఉలిక్కిపడి వెనక్కి తిరిగి, మెట్టు దిగబోయారు. నా నోట్లోంచి మాట దూకేసింది.

“పోకండి!”

ఆయన ఆగి, రెండు చేతులూ ముందుకు చాచి చూపించారు. ఖాళీ చేతులు.

“నేనేం పొయ్యట్లేదమ్మా,” అన్నారు. “చూడు, చెంబు కూడా లేదు. ఊరికే చూస్తున్నానంతే.” చూపించి, గబగబా దిగడం మొదలుపెట్టారు.

నా నోట్లో సూదులున్నాయి.

అన్నిటినీ అరచేతిలోకి ఉమ్మేశాను. ఒకటి పెదవి చీరింది, పట్టించుకోలేదు. కమ్మీ పట్టుకుని కిందికి వంగాను. ఆయన నెత్తి మీద పల్చబడ్డ జుట్టు మలుపు తిరుగుతూ కనబడుతోంది.

“వెళ్ళకండి బావగారూ,” అన్నాను. “వెళ్ళకండి.”

మెట్ల మీద అడుగులు ఆగాయి.